రోసమ్మ ఆమేన్ అనని పూట

తెల్లవారేసరికి ఆకాశం ముసురు పట్టి ఉంది. వాన కురవడం లేదు, కురవననీ చెప్పడం లేదు. కార్ఖానా బస్తీ వైపు మబ్బు బాగా కిందికి దిగి, మిలిటరీ వాళ్ల నీళ్లట్యాంకు తలను మింగేసింది. తూర్పున ఒక్కచోట మాత్రం పాతగుడ్డ చిరిగినట్టు సన్నగా వెలుగు. ఆ వెలుగు చాలు రోసమ్మకి. హాస్టలు వెనక మెట్ల మీద కూర్చుని, చేట ఒళ్లో పెట్టుకుని, తోటకూర కాడలు తుంచుతోంది. కళ్లు కూర మీద లేవు. వేళ్లకే తెలుసు ఏది లేతో ఏది ముదరో.

ఆమె ముంజేతుల నిండా నూనె చిట్లి పడ్డ మచ్చలు. కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా, మోచేతి దాకా చింతగింజలు చల్లినట్టు ఉంటాయి. కుడి బొటనవేలి గోరు మధ్యలో చీలిపోయి అలాగే పెరుగుతుంది. నడుముకి కొంగు బిగించి దోపితే మళ్లీ రాత్రి పడుకోబోయే ముందే తీస్తుంది.

గేటు బయట గంప దించుకుని నిలబడింది యాదమ్మ. రోజూ బజారు నుంచి కూరలు తెచ్చేది ఆమే.

"ఏందీ రోసమ్మా, గియ్యాల తోటకూర గిన్ని కట్టలు తీసుకున్నవ్? ఎప్పుడు జూసినా ఆలుగడ్డ, లేకుంటే గోబీ. మీ వార్డెనమ్మకు మనసు మారిందా?"

"డాక్టరమ్మ వస్తందంట యాదమ్మా. ఆకుకూరలు తినాలని మా పిల్లలకి చెప్పటానికి. చెప్పే రోజునైనా ఆకుకూర ఉండాలి గదా."

"గట్లనా! మరి రోజుకో డాక్టరమ్మను పిలువుమను. నా గంప జల్ది ఖాళీ అయితది" అని నవ్వుకుంటూ గంప నెత్తికెత్తుకుంది యాదమ్మ.

రోసమ్మ కూడా నవ్వింది. నవ్వి, తలెత్తి పైఅంతస్తులో చివరి కిటికీ వంక చూసింది. కిటికీ తలుపు వేసే ఉంది.

అది ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు. చర్చి ట్రస్టు వాళ్లు నడుపుతారు. పాలకొల్లు దగ్గర పల్లెలో మొగుడు నోవహు పోయాక, రోసమ్మ ఎవరో చెప్పగా ఇక్కడికి వచ్చి పొయ్యి ముందు నిలబడింది. అప్పుడు కట్టెల పొయ్యి. ఇప్పుడు గ్యాసు. మారింది అదొక్కటే. ఎందరో పిల్లలు వచ్చారు, పెళ్లిళ్లయి వెళ్లారు. కొందరు శుభలేఖలు పంపారు. కొందరు రైల్వేస్టేషనులో ఎదురైతే పక్కనున్న మొగుడికి ఈమె ఎవరో చెప్పలేక తల తిప్పుకున్నారు. రోసమ్మ ఎవరినీ తప్పు పట్టలేదు. వండి పెట్టిన మనిషిని గుర్తుపెట్టుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమే అనుకోలేదు.

అందరూ తిన్నాక ఆమె తింటుంది. అడుగంటిన అన్నంలో మజ్జిగ పోసుకుని, వంటింట్లో పీట మీద, గోడ వైపు తిరిగి. భోజనాల గదిలో బల్ల దగ్గర ఆమె ఒక్కనాడూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు కూడా.

ఆ గదిలో ఆమెదని ఒకటే ఉంది. ప్రార్థన చివర ఆమేన్. పిల్లలు కంచాలు ముందు పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. వార్డెను మేబెల్ గారు గాని, వంతు వచ్చిన పిల్ల గాని ప్రార్థన చేస్తారు. రోసమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడుతుంది. అందరూ ఆమేన్ అన్నాక ఒక క్షణం ఆగి, గుమ్మంలోంచి ఆమె గొంతు వస్తుంది, "ఆమేన్" అని. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, రోసమ్మ ఆమేన్ పడితేనే గరిటె లేస్తుంది. కొత్తగా వచ్చిన పిల్ల తొందరపడి కంచం ముందుకు జరిపితే పక్కపిల్ల మోచేత్తో పొడుస్తుంది, "ఉండవే, రోసమ్మక్క ఇంకా అనలేదు" అని.

ఉప్మా గిన్నె దించి, అందులోంచి వేడివేడిగా ఇంత ప్లేటులో పెట్టుకుని మెట్లెక్కింది. రెండు నెలలుగా ఆలిస్‌కి పొద్దుటి టిఫిను గదికే వెళ్తోంది. గది కూడా ఒక్కదానికే ఇచ్చారు. మొదట్లో అది మర్యాద అనుకుంది రోసమ్మ.

ఆలిస్ నరసాపురం వైపు పిల్ల. ఏ.ఎస్. రావు నగర్‌లో చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు. నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటోంది. ఇరవయ్యారేళ్లుంటాయి. ఎడమ రొమ్ములో గడ్డ ఉందని తెలిసి ఆపరేషను చేయించుకుంది. మందులు ఎక్కించారు. జుట్టంతా రాలిపోయింది. ఇప్పుడు రోజూ పెద్దాసుపత్రికి వెళ్లి కరెంటు, అదే రేడియేషను, పెట్టించుకుంటోంది. ఇంకా సగమే అయింది.

పిల్ల మంచం మీద కూర్చుని తలకి చున్నీ చుట్టుకుంటోంది.

"కిటికీ తియ్యవేమమ్మా, గాలాడదు."

"చలిగా ఉంది పిన్నీ." ఆలిస్ ప్లేటు అందుకుంది. "నాన్న ఇవాళొస్తున్నాడు. వార్డెన్ మేడం ఫోను చేసి రమ్మన్నారంట. తీసుకెళ్లి ఇంటిదగ్గర రెస్టు ఇప్పించండి అన్నారంట."

"నీకు చెప్పకుండానా?"

"నాన్న చెప్తేనే తెలిసింది." ఆ పిల్ల ఉప్మాలో చెంచా గుచ్చి అలాగే ఉంచింది. "ఇంటికెళ్తే ఈ కరెంటు ఎవరు పెడతారు పిన్నీ? మొదలెట్టాక మధ్యలో ఆపకూడదు అన్నారు డాక్టరు గారు. మేడంని అడుగుదామనుకుంటున్నా. ఇది అయ్యేదాకా ఉండనివ్వండి, తర్వాత నేనే వెళ్లిపోతానని. ఇవాళ ఆ లెక్చరు అవగానే, భోజనాల దగ్గర అడుగుతా."

"అడుగు. నోరుంది గదా. కిందకి రా, అందరితో కూర్చో. గదిలో దాక్కుంటే మాత్రం దాగుతుందా ఏంటి?"

"నన్ను చూస్తే వాళ్లు తినలేకపోతున్నారంట."

"ఎవరే ఆ మాటన్నది?"

ఆలిస్ చున్నీ ముడి బిగించింది. రోసమ్మ మళ్లీ అడగలేదు. ఆమెకు తెలుసు. కిందటి వారమే మేబెల్ గారు వంటింట్లోకి వచ్చి, "ఆ అమ్మాయి కంచం, గ్లాసు విడిగా పెట్టు రోసమ్మా. అంటుకుంటుందని కాదు, పిల్లలు ఫీలవుతున్నారు" అన్నారు. రోసమ్మ "ఆయ్, అలాగేనండి" అంది. అని, ఆ రాత్రి అన్ని కంచాలతో కలిపే తోమింది. ప్రతి కంచానికీ అంచు మీద పేరు చెక్కి ఉంటుంది. సువార్త, ఆలిస్, దేవకృప. కలిపి తోమి, ఒకదాని మీద ఒకటి బోర్లించింది. ఎవరికీ ఏమీ కాలేదు.

డాక్టరమ్మ పదకొండింటికి వచ్చింది. డాక్టరు కాదట, తిండి గురించి చదువుకున్న ఆవిడ. శ్యామల గారు. చిన్న వయసు, కాటన్ చీర, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. అది చూసి రోసమ్మకి ఆవిడ నచ్చింది. భోజనాల గదిలో తెల్లదుప్పటి గోడకి కట్టి, పెట్టె లాంటి మిషను పెట్టి బొమ్మలు వేశారు. రెండో శనివారం, పిల్లలందరూ ఉన్నారు. బయట నోటీసు మీద మాత్రం "స్త్రీల ఆరోగ్యం" అని రాయించారు మేబెల్ గారు. అసలు పేరు రాస్తే వాచ్‌మన్ కూడా చదువుతాడని.

ఆవిడ మాత్రం ఆ మాటను మొదటి వాక్యంలోనే అనేసింది, రొమ్ము క్యాన్సరు అని. పిల్లలు కొందరు తల దించుకున్నారు, ఒకరిద్దరు నవ్వాపుకున్నారు. చివరి బెంచీ కొసన ఆలిస్ నిటారుగా కూర్చుంది.

"ఇరవైలలో ఏం తింటున్నామో, ఎలా ఉంటున్నామో అనేది ముందుముందు పనికొస్తుంది" అని చెబుతోంది శ్యామల గారు. రోజూ కూరగాయలు, పళ్లు. పొట్టు తియ్యని గింజలు, పప్పులు. నూనె వేపుళ్లు తగ్గించడం. బరువు పెరగకుండా చూసుకోవడం. నడక.

"పళ్లు రోజూనా మేడం?" అని లేచింది సువార్త. బొల్లారం పిల్ల, టెలిఫోను ఎక్స్ఛేంజీలో పని. "మా మెస్సుల అరటిపండు ఆదివారమే దర్శనమిస్తది. అదీ సగం నల్లగ."

గదంతా గొల్లుమంది. మేబెల్ గారు కూడా నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆపేశారు. గుమ్మంలో ఉన్న రోసమ్మకి మొహం వేడెక్కింది. పళ్లు ఆదివారం చాలని ఆమె అనలేదు. వేయించిన నూనె పారబొయ్యొద్దు, రేపు పోపుకి వస్తుందని ఆమె అనలేదు. కాని వండే చెయ్యి ఆమెదే కదా. ఆ చేతివంక ఓసారి చూసుకుంది.

అంతలో కరెంటు పోయింది. గోడ మీది బొమ్మ మాయమైంది. మేబెల్ గారు "ఫ్యూజేమో చూస్తాను" అంటూ లేచి బయటికి వెళ్లారు. ముసురు చీకట్లో శ్యామల గారి గొంతు ఒక్కటే వినిపించింది. "ఇవన్నీ ప్రమాదాన్ని తగ్గిస్తాయమ్మా, అసలే రాకుండా చెయ్యలేవు. బాగా తిన్నవాళ్లకీ వస్తుంది. ఫలానాది తిన్నందుకే నీకు వచ్చిందని ఏ మనిషినీ అనకూడదు, అది తప్పు. గడ్డలాంటిది తగిలితే సిగ్గుపడి దాచుకోకండి. ఆలస్యమే అన్నిటికన్నా చెడ్డది." కరెంటు వచ్చేసరికి ఆవిడ ఆ మాట ముగించింది. మేబెల్ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి వందన సమర్పణ చేశారు.

శ్యామల గారు భోజనానికి ఆగలేదు, వేరే హాస్టలుకి వెళ్లాలట. వెళ్తూ ఆలిస్ దగ్గర ఆగి భుజం మీద చెయ్యి వేసి ఏదో అడిగింది. ఆలిస్ తల ఊపింది. ఆ పిల్ల మొహం రెండు నెలల్లో మొదటిసారి తేటగా కనబడింది రోసమ్మకి.

అన్నం, తోటకూర పప్పు, దొండకాయ వేపుడు బల్ల మీదికి చేరాయి. పిల్లలు కంచాలు పెట్టుకున్నారు. ఆలిస్ కంచం అందరి కంచాల మధ్యే ఉంది. రోసమ్మే పెట్టింది. మేబెల్ గారు అది చూశారు. కళ్లజోడు తీసి, కళ్లు మూసుకుని, ఆవిడ ప్రార్థన మొదలుపెట్టారు.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ పూట మాకిచ్చిన ఆహారం కొరకు నీకు స్తోత్రములు. నీవు ఇచ్చిన ఈ దేహాన్ని ఎలా కాపాడుకోవాలో ఈ దినమున మాకు నేర్పించావు, నీకు వందనములు. మా మధ్యనున్న నీ బిడ్డ ఆలిస్‌ను నీ సన్నిధిలో జ్ఞాపకం చేసుకుంటున్నాము ప్రభువా..."

ఆలిస్ తల ఇంకా కిందికి వంచింది.

"తెలిసో తెలియకో, నోటి రుచి కొరకు ఆమె తిన్న ప్రతిదానినీ క్షమించు తండ్రీ. ఆమె అజాగ్రత్తను మన్నించు. ఆమెను చూచి తక్కిన బిడ్డలందరూ బుద్ధి తెచ్చుకొనునట్లు సహాయం చేయుమని వేడుకొనుచున్నాము. ఆమేన్."

"ఆమేన్" అన్నారు పిల్లలు, అలవాటు కొద్దీ.

తర్వాత ఆ ఒక్క క్షణం వచ్చింది. పోయింది. ఇంకో క్షణం. గుమ్మంలోంచి ఏమీ రాలేదు. ఒక్కొక్కరే కళ్లు తెరిచి అటు చూశారు. రోసమ్మ కళ్లు మూసుకుని లేదు. చేతిలో గరిటె లేవలేదు.

"రోసమ్మా, వడ్డించు" అన్నారు మేబెల్ గారు.

"దేన్ని క్షమించమని అడిగారండి అమ్మగారూ?"

"ఏమిటది? ప్రార్థన మధ్యలో..."

"మధ్యలో అయితే మంచిదేనండి. ఇంకా అయిపోలేదు. నేను ఆమేన్ అనలేదు." ఆమె గొంతు తగ్గుగానే ఉంది. "ఆ పిల్ల తిన్నది నా చేతి కూడండి. నాలుగేళ్లుగా పొద్దున్నా మాపునా ఈ గిన్నెలోదే. ఈ గిన్నెలోదే అందరూ తిన్నారు. మీరూ తిన్నారు. తప్పు కూటిలో ఉంటే అది వండినదాన్ని అడగాలి, తిన్నదాన్ని అడుగుతారేంటండి? మరిగిన నూనె మళ్లీ మళ్లీ వాడమన్నది ఎవరండి? రోజూ బంగాళాదుంపే తెమ్మన్నది ఎవరు? అవి కూడా ప్రార్థనలో చెప్పండి. దేవుడు ఇటు సగం విని, అటు సగం వినకుండా ఉంటాడా?"

మేబెల్ గారి మొహం ఎర్రబడింది. "నేను ఆ అమ్మాయి మేలు కోరి ప్రార్థన చేశాను. ఇందాక ఆవిడ చెప్పిందే కదా, తిండి వల్ల అని!"

"గట్ల చెప్పలేదు మేడం." సువార్త. ఈసారి నవ్వడం లేదు. "మీరు ఫ్యూజు జూడనీకి పోయిన్రు, అప్పుడు చెప్పింది. ఫలానాది తిన్నందుకే వచ్చిందని ఎవల్ని అనొద్దు అన్నది. అందరం విన్నం." పక్కపిల్లల వంక తిరిగింది. "ఏమే, వినలే? ఆమేన్ అననీకి మాత్రం నోర్లు లేస్తయి మనకు. నాది సుత లేసింది."

బల్ల కింద ఎవరి కాలో బెంచీకి తగిలి చప్పుడైంది. మేబెల్ గారు కళ్లజోడు చేతిలోకి తీసుకున్నారు, పెట్టుకోలేదు. కళ్లజోడు లేకుండా ఆవిడ ఎంత ముసలిగా ఉంటారో పిల్లలెవరూ అంతకుముందు చూడలేదు.

ఆలిస్ లేచింది. తన ఖాళీ కంచం తనే తీసుకుని కుళాయి దగ్గరకు వెళ్లి, ఎంగిలి కాని దాన్ని కడిగి, బోర్లించింది.

"తిని వెళ్లు తల్లీ" అంది రోసమ్మ.

"ఆకలి లేదు పిన్నీ."

అడుగుదామనుకున్నది ఆ పిల్ల అడగలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి పోయింది.

మూడింటికి మేబెల్ గారు వంటింట్లోకి వచ్చారు. రోసమ్మ గిన్నెలు తోముతోంది. పని పోతుందనుకుంది. పోతే పోనీ అనుకున్నాక చేతులు తేలికగా ఆడుతున్నాయి.

"ఈ పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారు రోసమ్మా. మా పిల్లను ఆ గది పక్కన ఉంచకండి అని. నాకూ భయమే. నా వయసులో ఎక్కడికి పోను?"

"భయమైతే భయమని ప్రార్థన చెయ్యండమ్మగారూ. దానికి ఆ పిల్ల పేరెందుకు?"

మేబెల్ గారు కళ్లజోడు కొంగుతో తుడుచుకున్నారు. "ఉండమని చెప్పి వచ్చాను ఇప్పుడే. చికిత్స అయ్యేదాకా ఉండమన్నాను. ఆ అమ్మాయే ఒప్పుకోలేదు. పెట్టె సర్దేసింది."

రోసమ్మ పీచు బకెట్లో పడేసింది. పంక్తిలోంచి లేపేశాక మళ్లీ విస్తరి వేస్తే ఎవరు కూర్చుంటారు? నోటిదాకా వచ్చింది గాని, ఈ మాట అనలేదు. అప్పటికే చాలా మాట్లాడింది ఆ రోజు.

ఆలిస్ తండ్రి దేవసహాయం గారు వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. పల్లెటూరి బడిలో మాస్టారు. పంచె అంచు బురదైంది. గొడుగు ఉంది గాని ముడిచే ఉంది, చంకలో. ఆడపిల్లల హాస్టలు గనక గుమ్మం దాటి రావడానికి మొహమాటపడి, వెనక మెట్ల దగ్గర నిలబడ్డారు. రోసమ్మ మంచినీళ్లు ఇచ్చింది. ఆయన గ్లాసు ఎత్తి తాగి అడిగారు.

"వంట మీరేనాండి?"

"ఆయ్."

"మా పిల్ల ఏం తినేదండి ఇక్కడ? పడనిది ఏమన్నా పెట్టారా అని. మా ఆడవాళ్లందరూ అదే అడుగుతున్నారండి. ఏం తిందో, ఏం తిందో అని."

మధ్యాహ్నం చల్లారిన నిప్పు రోసమ్మలో మళ్లీ రాజుకుంది. కాని ఆయన కళ్ల కింద సంచులు చూసింది, గొడుగు పట్టుకున్న వేళ్లు చూసింది. గొంతు తగ్గించింది.

"మీ ఇంట్లో మీరు పెట్టిందే నేనూ పెట్టానండి మాస్టారూ. అన్నం, పప్పు, ఇంత కూర. అందరితో పాటే. ఇక ఆ మాట నన్ను అడిగారు, సరిపోయింది. ఆ పిల్లని మాత్రం అడక్కండి. మీ వాళ్లనీ అడగనివ్వకండి. గుమ్మం దగ్గరే ఆపెయ్యండి. కరెంటు మిగతాది ఎక్కడ పెట్టిస్తారో అది చూడండి. ఒక్క రోజు కూడా ఊరికే పోనివ్వకండి."

"ఆయ్. మా వైపు పెద్దాసుపత్రిలో కనుక్కుంటానండి" అన్నారాయన. గ్లాసు ఆమెకి ఇవ్వకుండా, చేతిలోనే పట్టుకుని కాసేపు తిప్పారు. "దాని తల్లి పెసరట్లు వేసి పంపింది. తింటుందో లేదో అని ఇంకా సంచిలోనే దాచి ఉంచానండి."

ఆటో వచ్చింది. ఒక పెట్టె, ఒక బ్యాగు. పిల్లలు కొందరు మేడ మీద కటకటాల దగ్గరికి వచ్చి నిలబడ్డారు గాని చేతులూపాలో వద్దో తెలియక ఊపలేదు. సువార్త మాత్రం దిగి వచ్చి పెట్టె ఆటోలో పెట్టింది. "ఉత్తరం రాయి. రాయకపోతే మీ ఊరికొస్తా, మీ ఇంట్ల చేపల పులుసు మొత్తం తింట" అంది. ఆలిస్ నవ్వింది.

ఆటో ఎక్కబోతూ రోసమ్మ చెయ్యి పట్టుకుంది. మచ్చల మీద బొటనవేలితో ఒకసారి రాసింది.

"పాపం వాళ్లంతా ఆకలితో ఉన్నారు పిన్నీ. ఆమేన్ అనకపోతే మానె, అన్నం పెట్టెయ్యాల్సింది."

"పెట్టాన్లే. నువ్వు వెళ్లాక అందరూ తిన్నారు."

అది అబద్ధం. ఎవరూ సరిగా తినలేదు. పప్పు గిన్నె సగానికి సగం అలాగే ఉంది.

ఆటో మలుపు తిరిగేదాకా రోసమ్మ వానలో నిలబడింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసిందో లేదో ప్లాస్టిక్ పరదా అడ్డం వచ్చి తెలియలేదు.

రాత్రికి పప్పు వేడి చేసి, చారు పెట్టింది. పిల్లలు పిలవకుండానే దిగి వచ్చారు. వంతు ప్రకారం ప్రార్థన దేవకృపది. ఆ పిల్ల కళ్లు మూసుకుని, నోరు తెరిచి, మళ్లీ మూసేసి, "నాకు రావడం లేదు" అంది. మేబెల్ గారు వచ్చి, రోజూ కూర్చునే కుర్చీ వదిలి, పిల్లల బెంచీ మీద ఒక పక్కగా కూర్చున్నారు.

రోసమ్మ అందరికీ వడ్డించి గుమ్మంలోకి వెళ్లబోతుంటే సువార్త లేచి, ఒక కంచం తెచ్చి, చివరి బెంచీ కొసన పెట్టింది. "నువ్వు సుత కూసో అక్కా" అంది. అన్నం తనే పెట్టింది, పప్పు తనే పోసింది. ఎక్కువ పోసింది, కంచం అంచు దాటి కారింది. రోసమ్మ ఒక్క క్షణం చూసి, కొంగు సర్దుకుని కూర్చుంది. బెంచీ ఎత్తు అలవాటు లేక పాదాలు నేలకి సరిగా ఆనలేదు.

ముద్దలు కలిపే చప్పుడు, రేకుల మీద వాన. మేబెల్ గారు తల ఎత్తకుండా తింటున్నారు. కొంచెం సేపటికి ఆవిడ చారు గిన్నె రోసమ్మ వైపు జరిపారు. రోసమ్మ పోసుకుంది.

అక్కడ కూర్చుంటే వంటింటి కిటికీ బయటి వైపు కనిపిస్తుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. ఊచకి, చూరు కింద, చిన్న తడిగుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. రోసమ్మ కట్టింది కాదు. ఆలిస్ తలకి చుట్టుకునే చున్నీ అంచు చింపి కట్టినది. నిన్న రాత్రి ఎప్పుడో వచ్చి కట్టుకుని ఉంటుంది, రేపు పొద్దున తినొచ్చని. మూట ఉబ్బింది, దారాల సందుల్లోంచి పెసలు తెల్లగా మొలకలు చాచాయి, కిందికొసన ఒక నీటిబొట్టు పడీ పడకుండా ఊగుతోంది.